తూనికరాయి సాక్ష్యం

పోయిన వారం తనిఖీ అక్కను పరీక్షల గది గుమ్మం దగ్గర వదిలిపెట్టాం. లోపల ఆమె తమ్ముడు సొరుగు లాగాడు. అటూ ఇటూ చూశాడు. ఏదో చిన్న వస్తువు తీసి జేబులో వేసుకున్నాడు. అక్క చూసింది. అక్క చూసిన సంగతి తమ్ముడికి తెలియదు.

అంతకు ముందరి సంగతి కూడా కాస్త గుర్తు చేసుకోవాలి. వాళ్ల కంపెనీ తయారుచేసేది చలిగంట. ఆసుపత్రుల్లో రక్తం సంచులు దాచే చల్లగదుల్లో గోడకు తగిలించే పెట్టె అది. చల్లదనం తగ్గితే మోగాలి. సోమవారం ఒకచోట మోగలేదు. పెట్టె మీద అంకె నాలుగు దగ్గర బిగుసుకుపోయింది. గది మాత్రం వేడెక్కుతూనే ఉంది. నలభై రెండు సంచులు పారబోశారు. పక్క గదిలోని పాత చలిగంట కూడా అదే పూట బిగుసుకుంది. కాని అది ఒక్క నిమిషంలో తనంతట తాను లేచి కూర్చుంది.

రెండింటిలోనూ ఒకటే ఆపరేటింగ్ సిస్టమ్. బోర్డులు వేరు. ఒకటి పాత బోర్డు, ఒకటి కొత్త బోర్డు. ఆ సిస్టమ్ అడుగున కూర్చుని అన్నిటి చేతా పని చేయించేది కెర్నల్. దాన్ని తయారుచేసే ముందు కంప్యూటరు వెయ్యికి పైగా ప్రశ్నలు అడుగుతుంది. ఇది కావాలా, వద్దా? అది కావాలా, వద్దా? జవాబులన్నీ కలిపితే ఒక జాబితా. పాత బోర్డుకొక జాబితా, కొత్త బోర్డుకొక జాబితా. బోర్డులో తేడా ఉన్నచోట జవాబు తేడా ఉండొచ్చు. మిగతాచోట రెండూ కవలపిల్లల్లా ఉండాలి.

అక్క రెండు జాబితాలూ అచ్చు తీసి, బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి వరసవరసా చూసింది. ఒక వరస దగ్గర స్కేలు ఆగింది. వాచ్‌డాగ్. యంత్రం బిగుసుకుపోతే తట్టి లేపే ఏర్పాటు. ఆ ఆఫీసులో అందరూ దాన్ని కుక్క అనే పిలుస్తారు. పాత జాబితాలో కుక్క కావాలి. కొత్త జాబితాలో కుక్క వద్దు.

జాబితాలు రాసేది తమ్ముడు ఒక్కడే. మేనేజరు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు కనక ఆయన పేరు నవ్వుల సారు. ఆయన నవ్వుతూనే చెప్పాడు. "మూడు గంటలకు తమ్ముడు తప్పు ఒప్పుకుని కాగితం మీద సంతకం పెడతాడు. సాయంత్రం తన సామాను తీసుకుని వెళ్తాడు." అక్క అతనికంటే ముందుగా ఉద్యోగంలో చేరింది కనక, ఆ ఆఫీసులో అందరికీ అతను తమ్ముడే. పంపించేసేవాడికి కూడా తమ్ముడే.

గోడ గడియారంలో పన్నెండూ నలభై. అందరూ భోజనాలకు వెళ్లారు. అక్క లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"జేబులో ఏముంది?"

"ఏం లేదక్కా."

"ఏం లేని జేబు అంత కిందకి వేలాడుతుందా?"

"తాళాలు."

"చిన్నప్పుడు బలపం మింగి కూడా ఏం లేదనే అన్నావు. మూడు రోజులు నీ వెనకాల తిరగలేక చచ్చాను. తియ్యి."

 తమ్ముడు జేబులో చెయ్యి పెట్టి, ఆ వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు. ఠంగుమంది.

ఇత్తడి తూనికరాయి. వంద గ్రాములది. అంచు అరిగి, మధ్యలో అంకె సగం చెరిగిపోయి ఉంది. అక్క దాన్ని కళ్లు మూసుకుని కూడా గుర్తుపడుతుంది. నాన్న దుకాణం మూసేసినప్పుడు తక్కెడను ఎవరో పట్టుకుపోయారు. రాళ్లు మాత్రం మిగిలాయి. కిలో రాయి అక్క ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉంటుంది. ఈ చిన్నది తమ్ముడు అడిగి తీసుకున్నాడు.

"కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటానన్నావు," అంది అక్క.

"అందుకే పెట్టుకున్నాను."

"మరి దాచడం దేనికి? రాయిని దాచేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు. మనిషి ఆరడుగులు. కుర్చీలో సగమే కనిపించాడు.

"అక్కా, కుక్కని చంపింది ఈ రాయే," అన్నాడు.

అక్క మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఎదుటివాడే అన్నీ చెబుతాడని ఆమెకు ఇరవై ఏళ్ల తనిఖీలో తెలిసింది.

"కొత్త బోర్డు రెండు రోజుల్లో లేచి నిలబడాలన్నాడు సారు. పాత బోర్డుకి నేను పదకొండు రోజులు కూర్చున్నాను. ఒక్కొక్క ప్రశ్నా చదివి జవాబు రాశాను. బాగా చేశావన్నవాడు ఒక్కడు లేడు. ఇప్పుడు వెయ్యిన్నూట చిల్లర ప్రశ్నలకి రెండు రోజులట! ఎంటర్ నొక్కితే ఆ ప్రశ్నకి కంప్యూటరే తనకి తోచిన జవాబు రాసుకుని ముందుకు పోతుంది. మొదటి వంద నేనే నొక్కాను. వేలు నొప్పెట్టింది. రాయి తీసి ఎంటర్ మీద పెట్టాను."

"పెట్టి?"

"టీకి వెళ్లాను."

అక్క రాయి చేతిలోకి తీసుకుంది. అరచేతిలో చల్లగా ఉంది. ఎంత బరువో అంతే ఉంది.

"ఈ రాయితో నాన్న ఎవరికీ ఒక్క గింజ తక్కువ తూచలేదురా," అని దాన్ని మళ్లీ బల్ల మీద పెట్టింది.

కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. తమ్ముడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

తలుపు కిర్రుమంది. సందులోంచి ముందు పొగ వాసన వచ్చింది, తర్వాత టంకం బాబాయ్ తల వచ్చింది. బోర్డులకు టంకం పెట్టేది ఆయనే. కళ్లద్దాలు నుదుటి మీద, టంకం కరిగించే వేడి పుల్ల చేతిలో.

"అరుచుకోండి గాని మెల్లిగా అరుచుకోండి. నవ్వులాయన మెట్ల మీదే ఫోన్లో మాట్లాడుతున్నాడు," అన్నాడు. కళ్లు మాత్రం బల్ల మీది రాయి దగ్గరే ఉన్నాయి. "ఓహో, రాయి బయటికొచ్చిందా?"

అక్క గిర్రున తిరిగింది.

"నీకు తెలుసా బాబాయ్?"

"తెలియకేం. ఆ రోజు వీడు రాయి పెట్టి టీకి పోతే, ఎవరన్నా వస్తారేమోనని గుమ్మంలో నిలబడింది నేనే."

"కంప్యూటరంటే నీకు తెలీదంటావుగా? కీబోర్డు ముట్టుకుంటే చెయ్యి కాలుతుందన్నట్టు ఆమడ దూరం ఉంటావుగా?"

"కంప్యూటరు తెలీదు. రాయి తెలుసుగా అమ్మాయ్," అన్నాడు బాబాయ్.

అక్కకు నవ్వు రాలేదు. సోమవారం నుంచి ఆమెకు ఈ మేడ మీద ప్రతి మనిషీ ఏదో ఒకటి నోట్లో పెట్టుకుని తిరుగుతున్నట్టే ఉంది. అడిగితే మింగేస్తారు. అడక్కపోతే నములుతారు. సొంత తమ్ముడే వారం రోజులు నమిలాడు. రోజూ పక్కనే నిలబడి "ఏమన్నా దొరికిందా అమ్మాయ్" అనే బాబాయ్ కూడా నమిలాడు. ఇంకా ఎవరి నోట్లో ఏముందో!

"నువ్వు కాసేపు గుమ్మంలోనే నిలబడు బాబాయ్. నీకు అలవాటేగా," అంది.

బాబాయ్ తల వెనక్కి పోయింది.

అక్క స్కేలు తీసి, అచ్చు కాగితం మీద ఆ వరస దగ్గర మళ్లీ పెట్టింది. కొత్త బోర్డు. కుక్క వద్దు. దాన్నే చూస్తూ అడిగింది.

"ఒరేయ్, ఎంటర్ నొక్కితే కంప్యూటరు తనకి తోచింది రాసుకుంటుంది. సరే. కుక్క వద్దని దానికి ఎందుకు తోచింది?"

"ఏమో."

"ఏమో ఏమిటి?"

"చూళ్లేదు. అంత పని నిద్రపోయినట్టు చేశాను. అందులోనే ఇదీ కొట్టుకుపోయి ఉంటుంది."

"ఉంటుంది! మీటింగులో సారు నీ పేరెత్తగానే తల వంచుకున్నావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. గుమ్మడికాయ పోయిందో లేదో చూశావా?"

అక్క స్కేలు పక్కన పెట్టింది.

"ఆ బోర్డు తయారుచేసినవాళ్లు దానితో పాటు మొదట ఇచ్చిన కెర్నల్ సరుకు ఉందా? ఎవరూ చెయ్యి పెట్టనిది?"

"ఉంది. మూటలో కట్టేసి ఉంది."

"విప్పు. రాయి పెట్టు."

"అక్కా, ఇప్పుడా? మూడు గంటలకి..."

"పెట్టరా. నువ్వు చేశాననుకుంటున్నావు. అనుకోవడం వేరు, చూడటం వేరు."

ఆ మాట ఆమెది కాదు, ఆమె కుర్చీది. ఆ కుర్చీలో కూర్చున్న దగ్గర్నించీ వచ్చినవాడికీ పోయినవాడికీ అదే చెబుతూ వచ్చింది. ఆమెకు తనిఖీ అక్క అని పేరు పడింది కూడా అందుకే.

తమ్ముడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ముట్టుకోని సరుకు తెరిచాడు. మొదటి ప్రశ్న తెర మీదికి వచ్చింది. నాన్న రాయి తీసి ఎంటర్ మీట మీద పెట్టాడు. మీట కుంగింది.

ప్రశ్నలు పరుగెత్తాయి. ఒకదాన్ని చదివేలోపు పది పోతున్నాయి. వాగులో ఆకులు కొట్టుకుపోయినట్టు పోతున్నాయి. ఇద్దరూ నిలబడి చూశారు. చేయడానికి ఇంకేం లేదు. ఈ ఉద్యోగం పోతే అనే మాట ఇద్దరి మనసులోనూ ఉంది. ఇద్దరూ అనలేదు.

"చంటిది ఎలా ఉంది?" అంది అక్క, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"పళ్లొస్తున్నాయి. ఏది దొరికితే అది కొరుకుతోంది."

"మేనత్త పోలిక."

తమ్ముడు నవ్వబోయి ఆగాడు. తెర ఆగింది. ప్రశ్నలు అయిపోయాయి.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కొత్తగా పుట్టిన జాబితా తెరిచింది. వెతకవలసిన వరస నోటికి వచ్చు. వేలు తెర మీద పెట్టి కిందికి జరిపింది. వేలు ఆగింది.

కుక్క కావాలి.



"మళ్లీ పెట్టు," అంది అక్క.

మళ్లీ పెట్టాడు. మళ్లీ వాగు పారింది. మళ్లీ ఆగింది. కుక్క కావాలి.

తమ్ముడు తెర చూశాడు. రాయి చూశాడు. అక్కను చూశాడు. వారం నుంచి వంగిన మెడ కొంచెం లేచింది.

"అయితే... నేను కాదా?"

"బద్ధకం నీదే. అందులో అనుమానం లేదు. కుక్క సంగతి మాత్రం నీది కాదు. నువ్వు రాయి పెట్టి టీకి వెళ్లి వచ్చేసరికి కుక్క బతికే ఉంది. ఆ తర్వాత ఎవరో వచ్చి చేత్తో వద్దని రాశారు."

ఆ మాట బయటికి వచ్చాకే దాని బరువు అక్కకు తెలిసింది. రాయికి తెలియక జరిగిందంటే ఒక రకం. చెయ్యి తెలిసి రాసిందంటే అది ఇంకో రకం. ఆ చెయ్యి ఈ మేడ మీదే ఉంది. రోజూ వాళ్ల పక్కనే టీ గ్లాసు పట్టుకుంటుంది.

"చిట్టా తియ్యి," అంది.

కంప్యూటరులో మార్పుల చిట్టా ఒకటి ఉంటుంది. జాబితాలో ఎవరు ఏ మార్పు చేసినా రోజు, పేరు, కారణం అందులో పడతాయి. అది ముందే చూడొచ్చుగా అని మీరు అడుగుతారు. దొంగ దొరికాడనుకున్నాక ఎవరూ కన్నం కోసం గోడ వెతకరు. పైగా ఆ చిట్టాలో పేరు ఉన్నా లేనట్టే. పరీక్షల గదిలో ఆ పని చేసే కంప్యూటరు ఒక్కటే. దానికి పేరు బల్ల. ఎప్పుడో ఎవరో పాస్‌వర్డు చీటీ రాసి బల్ల అడుగున అతికించారు. వంగి చూసినవాడల్లా బల్లే. ఎవరు ఏం రాసినా బల్ల రాసినట్టే పడుతుంది.

తమ్ముడు ఒక్కో మార్పూ వెనక్కి తిప్పాడు. చాలావాటికి చిన్న సవరణలు అనే రాసి ఉంది. తప్పు దాక్కోవడానికి అంతకంటే మంచి దుప్పటి లేదు. పదిహేడో దాని దగ్గర ఆగాడు. ఆ సవరణలో ఒక్కటే వరస మారింది. కావాలి అన్నచోట వద్దు.

ఇద్దరూ ముందు తేదీ చూశారు. చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ తేదీ ఇద్దరికీ చిట్టా అక్కర్లేకుండానే తెలుసు. చంటిది పుట్టిన రోజు.

"ఆ రోజు నేను ఆసుపత్రిలో ఉన్నాను," అన్నాడు తమ్ముడు. గొంతులో ప్రాణం లేచి వచ్చింది. "అంతకు ముందు రోజు నుంచీ అక్కడే. తొమ్మిది రోజులు సెలవు. కాగితం కూడా ఉంది! అక్కా, నేను గదిలోనే లేను!"

"కారణం చదువు," అంది అక్క.

తమ్ముడు తెర మీదికి వంగాడు. పెదాలు కదిలాయి.  లేచి వచ్చిన ప్రాణం ఎక్కడో మధ్యలో ఆగిపోయింది.

"ఏమైందిరా? చదవమంటుంటే."

"ఏం లేదక్కా. చిన్న సవరణలు అనే ఉంది."

మళ్లీ ఏం లేదు! అక్క అతని భుజం పట్టి పక్కకి జరిపి తనే చదివింది.

'కుక్కని కట్టేశాం. తనిఖీ అక్క అడిగింది.'

మొదట ఆమెకు కోపం వచ్చింది. ఎవడో తన పేరు వాడుకున్నాడనుకుంది. ఇంత పచ్చి అబద్ధమా అనుకుంది. ఆ కోపం ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

ఆ రోజు గుర్తొచ్చింది. పొద్దున్నే ఫోను వచ్చింది, ఆడపిల్ల అని. కొత్త బోర్డు బల్ల మీద విప్పి ఉంది. పరీక్ష పూర్తయితే గాని కదలడానికి లేదు. లోపల ఏం జరుగుతోందో చూద్దామని బోర్డును మధ్యలో ఆపుతుంది. ఆపగానే అది చచ్చిందనుకుని కుక్క తట్టి లేపేస్తుంది. మళ్లీ మొదటికి. ఒకసారి కాదు, ఆరుసార్లు. మేనకోడల్ని చూడాలన్న తొందర ఒక పక్క, ఈ మొరుగుడు ఒక పక్క. చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీద విసిరికొట్టి తనే అంది. "ఈ కుక్కని ఎవరన్నా కాస్త కట్టెయ్యండి బాబూ, పని చేసుకోనివ్వడం లేదు!"

ఈ ఒక్క బోర్డుకి, ఈ ఒక్క పూటకి అనుకుంది. అనుకుంది అంతే. అనలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. పరీక్షల కాగితంలో ఒక గడి ఉంటుంది. కుక్క పనిచేస్తోందా? మొరిగి మొరిగి ఆరుసార్లు తన ప్రాణం తీసింది కదా, పనిచేయకేం అనుకుని, మళ్లీ చూడకుండానే సాయంత్రం ఆ గడిలో టిక్కు పెట్టింది. సంతకం చేసింది. ఆసుపత్రికి పరుగెత్తింది. ఐదు నెలల తర్వాత నలభై రెండు సంచులు పారబోశారు. అదే జాబితాతో తయారైన పెట్టెలు ఇంకో అరవై మూడు ఎక్కడెక్కడో గోడలకు వేలాడుతున్నాయి.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఆమెకు నోరూ జారింది, చెయ్యీ జారింది. వారం రోజులుగా ఆమె అందర్నీ అనుమానించింది. బాబాయ్‌ని, సారుని, సొంత తమ్ముణ్ణి. స్కేలు పెట్టి వరసవరసా వెతికింది. తన వరస మీద మాత్రం స్కేలు పెట్టలేదు.

"అక్కా," అన్నాడు తమ్ముడు మెల్లిగా, "ఇది ఎవరికీ తెలియక్కర్లేదు. నేను ఎలాగూ పోతున్నానుగా. ఒక ఇంట్లో రెండు ఉద్యోగాలు పోవడం దేనికి?"

"నోర్ముయ్."

"అమ్మ మందులు నువ్వే..."

"నోర్ముయ్యమన్నానా!"

గుమ్మంలోంచి బాబాయ్ గట్టిగా దగ్గాడు. మామూలు దగ్గు కాదు. తలుపు తెరుచుకుంది.

నవ్వుల సారు లోపలికి వచ్చాడు. మొహం నిండా నవ్వు, చేతిలో కాగితం, కాగితం మీద కలం. ఆయన వెనక బాబాయ్ చేతిలో చల్లారిన పుల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం మేడం, భోజనం కూడా మానేసి వెతుకుతున్నట్టున్నారు. ఏమన్నా దొరికిందా?"

అక్క నోరు తెరిచేలోపే తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఆరడుగులూ ఒక్కసారి లేచాయి. బల్ల మీది రాయి తీసి సారుకి చూపించాడు.

"నేనే సార్. ఈ రాయి ఎంటర్ మీద పెట్టి టీకి వెళ్లాను. కుక్క అప్పుడే పోయింది. కాగితం ఇవ్వండి, సంతకం పెడతాను."

"అదీ మాట! ఒప్పుకుంటే పోయేదేముంది తమ్ముడూ," అన్నాడు సారు. కాగితం బల్ల మీద పరిచి, కలం మూత తీశాడు. తీస్తూ ఊరికే తెర వైపు చూశాడు. తెర మీద చిట్టా తెరిచే ఉంది. తేదీ దగ్గర ఆయన చూపు ఆగింది.

అక్క ఆ చూపు చూసింది. చూడటమే ఆమె పని. ఆయన కారణం దాకా చదవలేదు. చదవవలసిన అవసరం లేనివాడిలా తేదీ దగ్గరే ఆగిపోయాడు. పదేళ్లుగా ఆ మొహం మీద ఉన్న నవ్వు దీపం ఆర్పినట్టు ఆరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఆ మాట తను గోడకు చెప్పలేదు. ఆ రోజు గదిలో తను కాక ఇద్దరున్నారు. ఒకరు రెండు చేతుల్లో టంకం పట్టుకుని ఉన్నారు. ఆ చేతులు కీబోర్డు ముట్టవు. రెండో మనిషి తలుపుకి ఆనుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాడు. 'మీరు త్వరగా వెళ్లి పాపని చూడండి మేడం, నేను చూసుకుంటాను' అన్నాడు.

తమ్ముడు కలం అందుకోబోయాడు. అక్క అతని మణికట్టు పట్టుకుంది.

"కూర్చోరా," అంది. తర్వాత తలెత్తింది. "సార్, కుక్కని కట్టెయ్యమన్నది నేనే. చూడకుండా సంతకం పెట్టిందీ నేనే. అది నేను ఎక్కడైనా ఒప్పుకుంటాను. మరి, నేను ఆ మాట అన్నప్పుడు కట్టేసింది ఎవరో మీరు చెబుతారా, బాబాయ్‌ని చెప్పమంటారా?"